లోటస్ ఎలీజ్ సిరీస్ 1: బరువు తగ్గించిన చోటే బిల్లు మొదలవుతుంది

నడపడానికి ఇంత బాగుండే కారు ఈ ధరకు మరొకటి దొరకడం కష్టం. ఉంచుకోవడం మాత్రం వేరే సంగతి. 1996 నుంచి 2000 దాకా ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో, హెథెల్ అనే పాత విమానాశ్రయం పక్కనున్న ఫ్యాక్టరీలో లోటస్ కంపెనీ తయారుచేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, తొలి తరం ఎలీజ్ గురించి ఈ సమీక్ష. ఎక్కడెక్కడ కిలోలు తగ్గించారో, ఎక్కడెక్కడ పౌండ్లు మిగుల్చుకున్నారో తెలుసుకుంటే ఈ కారు పాతబడ్డాక ఏది పాడవుతుందో, ఏది పాడవదో ముందే చెప్పేయొచ్చు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే కారణం.

1993లో జనరల్ మోటార్స్ లోటస్‌ను వదిలించుకుంది. కొన్నది బుగాటీ యజమాని రొమానో ఆర్టియోలి. అప్పటికి కంపెనీ చేతిలో డబ్బు లేదు. ముందు చక్రాలతో నడిచే ఎలాన్ అనే కారు మీద పెట్టిన ఖర్చు తిరిగి రాలేదు. కాబట్టి ఎం1-11 అనే సంకేత నామంతో మొదలైన కొత్త కారు తక్కువ పెట్టుబడితో, ఏడాదికి ఏడెనిమిది వందల కార్లు అమ్ముడైనా గిట్టుబాటయ్యేలా ఉండాలి. ఆర్టియోలి మనవరాలు ఎలీసా పేరు మీదుగా దానికి ఎలీజ్ అని పేరు పెట్టి, 1995 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు. 1996లో లోటస్ మలేసియా కంపెనీ ప్రోటాన్ చేతికి వెళ్లింది. కారుకు గిరాకీ మాత్రం అంచనాలను దాటింది. తొలి తరమే పదివేలు దాటింది. బ్రిటిష్ చిన్న కంపెనీల లెక్కలో ఇది పెద్ద సంఖ్యే అయినా, పెద్ద కంపెనీలు కొన్ని రోజుల్లో చేసే పని అది.

చాసిస్

చాసిస్ అంటే కారు అస్థిపంజరం. ఈ కారుకు డబ్బు పెట్టడానికి ఇదొక్కటే చాలు. చాసిస్ రూపకర్త రిచర్డ్ రాకమ్, బాడీ గీసినది జూలియన్ థామ్సన్. స్టీలు రేకును అచ్చులో నొక్కి చాసిస్ చేయాలంటే ఆ అచ్చులకే కోట్లు పోయాలి. లక్ష కార్లు అమ్మేవాళ్లకు అది తేలిక. వందల్లో అమ్మేవాళ్లకు చావు. అందుకే అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్లను ఎంచుకున్నారు. వేడి చేసిన అల్యూమినియం దిమ్మెను డై, అంటే రంధ్రమున్న అచ్చు గుండా నెడితే కావలసిన ఆకారంలో పొడవాటి బొంగు బయటికి వస్తుంది, కోసుకుని వాడుకోవడమే. ఆ డై ఖరీదు ప్రెస్ అచ్చుతో పోలిస్తే ఏమూలకూ రాదు. ఈ పని డెన్మార్క్‌లోని టోండర్‌లో హైడ్రో అల్యూమినియం చేసింది.

వీటిని వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించడం అసలు తెలివి. అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే వేడి తగిలిన చోట బలం తగ్గుతుంది, ఆకారం వంకర పోతుంది. ఆ నష్టాన్ని పూడ్చాలంటే లోహాన్ని మందంగా తీసుకోవాలి, దాంతో బరువు పెరుగుతుంది. జిగురు అయితే అతుకు పొడవునా బలం సమానంగా పరుచుకుంటుంది కాబట్టి 1.5 మి.మీ. మందం గోడలతోనూ సరిపెట్టారు. జిగురుకు ఒక బలహీనత ఉంది. పక్కకు జరపాలని చూస్తే ఎంత బలమైనా తట్టుకుంటుంది గానీ, సెల్లోటేప్‌ను ఒక మూల పట్టుకుని లాగినట్టు లాగితే ఊడిపోతుంది. అందుకని అతుకుల కొసల్లో ఈజోట్ అనే కంపెనీ స్క్రూలు దింపారు. ముక్కలకు ముందు అనోడైజింగ్ (పైన రక్షణ పొర ఏర్పరచడం) చేసి, జిగురు పూసి, స్క్రూలు బిగించి, ఓవెన్‌లో పెట్టి గట్టిపరిచేవారు. తయారైన చాసిస్ బరువు 70 కిలోల లోపే, దాదాపు 68. మెలిపెట్టినా వంగని గట్టిదనం డిగ్రీకి సుమారు 10,000 న్యూటన్ మీటర్లు. కారు మొత్తం బరువు 725 కిలోల దరిదాపుల్లో. ఆ కాలపు చిన్న హ్యాచ్‌బ్యాకులు చాలా దీనికంటే బరువెక్కువ.

పెడల్స్ కూడా ఎక్స్‌ట్రూజన్ నుంచి కోసినవే. పాదం పెట్టే చోట చూస్తే బొంగును అడ్డంగా కోసిన ముక్క స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని దాచడానికి రబ్బరు కూడా తొడగలేదు. ఖర్చు తగ్గించడాన్ని ఇంత అందంగా చూపించిన పని ఆ రోజుల్లో అరుదు.

ముప్పయ్యేళ్ల తర్వాత ఆ జిగురు ఎలా ఉంది? బాగుంది. మామూలు వాడకంలో ఊడిపోయిన కథలు లేవు. చాసిస్‌కు శత్రువులు రెండే. మొదటిది ప్రమాదం. సైడ్ రెయిల్ వంగితే, చిరిగితే దాన్ని వెల్డ్ చేసి సరిచేసే దారి లేదు, చాసిస్ మొత్తం మార్చాలి. కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ చాలాసార్లు కారును రైట్ ఆఫ్ చేస్తుంది, అంటే బాగుచేయడం గిట్టదని వదిలేస్తుంది. రెండోది ఉప్పు. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నీటితో కలిసి, స్టీలు భాగం అల్యూమినియాన్ని తాకిన చోట అల్యూమినియాన్ని తినేస్తుంది. సస్పెన్షన్ బిగించిన చోట్లు, వెనక స్టీలు సబ్‌ఫ్రేమ్ (చాసిస్ వెనక తగిలించిన చిన్న ఫ్రేమ్) చాసిస్‌కు బోల్టయ్యే చోట్లు టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే తుడిచి అడుగున లోహం గుంట పడిందేమో చూడాలి. పైపైన ఉంటే భయం లేదు. పాదాల కింద మ్యాట్ ఎత్తి చూడటం మరవకండి. లీకైన టాప్ (విప్పి తీసే పైకప్పు) నుంచి చేరిన నీరు అక్కడే నిలుస్తుంది.

జాకీ సంగతి ఒకటి. ఈ కారు ఫ్లోర్ పలుచటి రేకు. తెలియని టైర్ల దుకాణంలో మామూలు కారనుకుని ఎక్కడపడితే అక్కడ జాకీ పెడితే సొట్ట పడుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. మాన్యువల్‌లో చూపిన పాయింట్ల దగ్గరే, మధ్యలో రబ్బరు దిమ్మె పెట్టి ఎత్తాలి. కొనే ముందు అడుగున సొట్టలు లెక్కపెడితే పాత యజమానులు ఎలాంటివాళ్లో అర్థమవుతుంది.

ఇంజిన్

రోవర్ కె-సిరీస్, 1.8 లీటర్లు, 16 వాల్వులు, 118 బీహెచ్‌పీ. ఎంజీ ఎఫ్ అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదే. పీజీ1 గేర్‌బాక్స్ కూడా రోవర్‌దే. తేలికైన పూర్తి అల్యూమినియం ఇంజిన్, రెడీమేడ్‌గా దొరికింది, పైగా ఎంజీ ఎఫ్ కోసం రోవరే దాన్ని సీట్ల వెనక అడ్డంగా పెట్టే పని చేసి ఉంచింది. లోటస్‌కు అంతకంటే ఏం కావాలి? 725 కిలోలకు 118 బీహెచ్‌పీ చాలు. 100 కి.మీ. వేగం అందుకోవడానికి సుమారు 6 సెకన్లు, గరిష్ఠ వేగం గంటకు 200 కి.మీ. దగ్గర. జాగ్రత్తగా తోలితే పెట్రోలు ఖర్చు చిన్న కారు స్థాయిలోనే.

హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు, పోతుందని అందరూ మాట్లాడతారు, కారణం కొందరే చెబుతారు. ఈ ఇంజిన్ హెడ్, బ్లాక్, కింది బేరింగ్ లాడర్ మూడింటినీ పై నుంచి కింది దాకా వెళ్లే పది పొడవాటి బోల్టులు పట్టి ఉంచుతాయి. సిలిండర్ లైనర్లు, అంటే పిస్టన్లు కదిలే గొట్టాలు, బ్లాక్‌లో ఒక గట్టు మీద కూర్చుని, పైన కాస్త ఎత్తుగా ఉండి గ్యాస్కెట్‌ను నొక్కాలి. తొలి ఇంజిన్లలో హెడ్‌ను కుదురుగా నిలిపే డవెల్స్ ప్లాస్టిక్‌వి. హెడ్ కాస్త కదలాడేది, గ్యాస్కెట్‌లోని రబ్బరు గీతలు నలిగేవి. దీనికి తోడు థర్మోస్టాట్‌ను, అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకునే వాల్వును, చల్లటి నీళ్లు లోపలికి వచ్చే దారిలో పెట్టారు. ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు ఉన్న కారులో పొడవాటి పైపుల నిండా చల్లటి నీళ్లుంటాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా వేడి ఇంజిన్‌లోకి వచ్చి పడతాయి. ఇంజిన్‌లోని నీళ్ల పరిమాణమే తక్కువ కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇది మాటిమాటికీ జరిగితే అతుకు వదులవుతుంది.

మొదటి తప్పు చాలాసార్లు గ్యాస్కెట్‌ది కూడా కాదు. ప్లాస్టిక్ ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) సన్నగా కారి, వేడికి ఆవిరైపోతుంది, నేల మీద మరక కూడా పడదు. నీళ్లు తగ్గి, గాలి చేరి, ఇంజిన్ వేడెక్కి, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ పోతుంది. పైగా సెన్సర్ చుట్టూ నీళ్లు లేకపోతే డాష్‌లోని ఉష్ణోగ్రత అంకె అబద్ధం చెబుతుంది. కాబట్టి ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో లెవెల్ తగ్గుతుంటే నీళ్లు పోసి ఊరుకోవద్దు, ఎక్కడ పోతోందో కనిపెట్టేదాకా నడపొద్దు.

గ్యాస్కెట్ మార్చాల్సి వస్తే సగం పని చేయించుకోకండి. బహుళ పొరల స్టీలు గ్యాస్కెట్, స్టీలు డవెల్స్, బలమైన కింది ఆయిల్ రెయిల్, కొత్త బోల్టులు అన్నీ కలిపి వేయాలి. లైనర్లు బ్లాక్ పైన 0.05 నుంచి 0.10 మి.మీ. ఎత్తుగా, నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో కొలవాలి. ఒక్కసారి బాగా కాలిన ఇంజిన్‌లో అవి కిందికి దిగిపోయి ఉంటాయి. అలాంటి దాని మీద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా కొద్ది నెలలే. హెడ్ మెత్తబడిందేమో కూడా పరీక్షించాలి. బోల్టులు వరసక్రమంలో ముందు 20 న్యూటన్ మీటర్లు, తర్వాత 180 డిగ్రీలు, మళ్లీ 180 డిగ్రీలు. హెడ్ తీశాక క్రాంక్ తిప్పితే లైనర్లు కదిలి కింద సీలు ఊడుతుంది. ముందు వాటిని క్లాంపులతో పట్టి ఉంచాలి. ఈ చిన్న పని మరిచిన మెకానిక్ వల్లే "రెండోసారీ పోయింది" అన్న మాట పుడుతుంది. థర్మోస్టాట్‌ను వేరే చోటికి మార్చే కిట్ వేయించడం మంచిదే. పని సరిగ్గా చేసిన కె-సిరీస్‌కు చెడ్డ పేరు న్యాయం కాదు.

టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగుతాయి. కారు ఎంత తక్కువ తిరిగినా నాలుగైదేళ్లకు బెల్టు, వాటర్ పంపు కలిపి మార్చేయాలి. "ఏడాదికి వెయ్యి మైళ్లే నడిపాను" అనే అమ్మకందారు మాట బెల్టుకు వర్తించదు.

రేడియేటర్ ముందు భాగంలో దాదాపు పడుకోబెట్టి ఉంటుంది. మధ్యలో అల్యూమినియం కోర్, రెండు కొసల్లో ప్లాస్టిక్ ట్యాంకులు. ఆ అతుకు దగ్గర లీకు ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న. వస్తువు ఖరీదు ఎక్కువ కాదు గానీ, దాని దాకా చేరాలంటే ముందు క్లామ్, అంటే బానెట్ భాగం, ఫెండర్లు, బంపర్ అన్నీ కలిసిన ఒకే పెద్ద ఫైబర్‌గ్లాస్ తొడుగు ఊడదీయాలి. చక్రాలు, ఆర్చ్ లైనర్లు తీయాలి, లైట్ల కనెక్టర్లు విప్పాలి, ఆపై ఇద్దరు పట్టుకుని ఎత్తాలి. అల్యూమినియంలో బిగుసుకున్న స్టీలు బోల్టుల మీదే సగం కాలం గడుస్తుంది. ముందురోజే నూనె కొట్టి నానబెట్టాలి. ఒకసారి తీశాక పూర్తి అల్యూమినియం రేడియేటర్ పెట్టేసి, హోసులు, ఫ్యాన్, హీటర్ పైపులు చూసేయండి. మళ్లీ వేసే బోల్టులకు అవి బిగుసుకుపోకుండా యాంటీ సీజ్ పూత తప్పనిసరి. చివర్లో కూలెంట్ పైపుల్లోంచి గాలి తీయడంలో తొందరపడితే మొదటికే మోసం.

బ్రేకులు, సస్పెన్షన్

మొదట్లో వచ్చిన కార్లకు లాంక్సైడ్ కంపెనీ డిస్కులుండేవి. అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ కలిపి చేసినవి. ఇనుము కంటే చాలా తేలిక, తుప్పు పట్టవు, రోడ్డు మీద ఎన్నేళ్లయినా అరగవు. కానీ చల్లగా, తడిగా ఉన్నప్పుడు మొదటి నొక్కుడుకు పట్టు తక్కువ. ట్రాక్ మీద మరీ వేడెక్కితే అల్యూమినియం స్వభావమే బయటపడుతుంది. గట్టి రేసింగ్ ప్యాడ్లు వేస్తే డిస్కు పైపొర లేచిపోతుంది. సరఫరా ఆగిపోవడంతో 1998 ప్రాంతంలో లోటస్ మామూలు ఇనుప డిస్కులకు మారింది. కారుకు ఏవి ఉన్నాయో తెలుసుకోవాలంటే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అవి పాతవే. రోడ్డుకే పరిమితమైతే వాటిని తగిన మెత్తటి ప్యాడ్లతో అలాగే ఉంచొచ్చు. ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ఇనుపవి పెట్టుకోవడమే మేలు. ఏబీఎస్ లేదు, బ్రేకుకు సర్వో, అంటే పాదం బలాన్ని పెంచే సాయం లేదు. మొదట పెడల్ గట్టిగా అనిపించినా, అలవాటయ్యాక ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో పాదానికి తెలుస్తుంది.

వెనక టో లింకులు ఈ కారులో నన్నడిగితే మొదట చూడాల్సినవి. డబ్బు లేదన్న సాకుతో కూడా వీటిని సమర్థించలేం. వెనక చక్రం పక్కకు తిరగకుండా పట్టి ఉంచే ఈ కడ్డీల లోపలి కొసను సబ్‌ఫ్రేమ్‌కు ఒకే వైపు నుంచి బోల్టు పట్టి ఉంచుతుంది. సింగిల్ షియర్ అంటే ఇదే. బోల్టు ప్రతి మలుపులోనూ వంగే ఒత్తిడి మోస్తుంది. జిగట టైర్లు వేసుకుని ట్రాక్ మీద తిరిగితే ఆ ఒత్తిడి డిజైన్‌లో ఊహించిన దాన్ని దాటుతుంది, కాలక్రమంలో లోహం అలసి తెగుతుంది. తెగిందంటే వెనక చక్రం తనిష్టం వచ్చినట్టు తిరుగుతుంది. కారును లేపి, వెనక చక్రాన్ని గడియారంలో 3, 9 అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. కొంచెం కదిలినా లింకు మార్చాల్సిందే. బోల్టును రెండు వైపులా పట్టే డబుల్ షియర్ కిట్లు బయట దొరుకుతాయి, ట్రాక్‌కు వెళ్లే కారుకు అవి తప్పనిసరి. మార్చాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి, అదీ డ్రైవరు బరువు సీట్లో పెట్టి. ఇంత తేలిక కారులో 75 కిలోల మనిషి అంటే మొత్తంలో పదో వంతు.

విష్‌బోన్లు, అంటే చక్రాన్ని చాసిస్‌కు కలిపే చేతులు, స్టీలువి, పైన పూత లేచి తుప్పు పడతాయి. అది మామూలే. బుష్షులు మార్చేటప్పుడే ఇసుక బ్లాస్టింగ్ చేయించి పౌడర్ కోటింగ్ వేయిస్తే ఒకే లేబర్ ఖర్చుతో రెండు పనులవుతాయి. ముందు పై బాల్ జాయింట్లు అరుగుతాయి, చౌకే. డ్యాంపర్లు అసలువే ఉంటే ఈపాటికి పని అయిపోయినట్టే లెక్క. గుంతలో పడ్డాక కారు రెండోసారి ఊగితే అనుమానం అక్కర్లేదు.

నడపడం

స్టీరింగ్‌కు పవర్ లేదు. ముందు టైర్లు 185 మి.మీ. వెడల్పువే. అందువల్ల పార్కింగ్‌లో తప్ప ఎక్కడా బరువనిపించదు, రోడ్డు మీది గరుకుదనం, తడి, పట్టు తగ్గడం అన్నీ చేతికి తెలుస్తాయి. మలుపులో వెనక బరువు 60 శాతం పైనే. పొడి రోడ్డు మీద కారు నమ్మకంగా ఉంటుంది. వానలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే మాత్రం వెనక భాగం ముందుకు వచ్చేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ లాంటి రక్షకుడెవరూ లేడు. అరిగిన వెనక టైర్లతో, కొలతలు తప్పిన అలైన్‌మెంట్‌తో నడిపి "ఈ కారు ప్రమాదకరం" అనేవాళ్లు కొందరుంటారు. తప్పు కారుది కాదు.

ఎక్కడం, దిగడం ఒక విద్య. సైడ్ రెయిలే చాసిస్ కాబట్టి గుమ్మం ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. టాప్ ఉంటే నడుము వంచి, ముందు కుడి కాలా ఎడమ కాలా అన్నది ఆలోచించుకుని దూరాలి. సీటు మీద పలుచటి కుషన్. పక్క సీటు ముందుకీ వెనక్కీ జరగదు, వచ్చినవాళ్లు ఉన్నట్టే కూర్చోవాలి. ఏసీ లేదు, పవర్ విండోలు లేవు, టాప్ వేసుకుంటే గాలి హోరు, వానలో రెండు వైపులా చుక్కలు. ఫిర్యాదు చేయాల్సిన విషయాలు కావు ఇవి, కొనే ముందు ఒప్పుకోవాల్సినవి. అయిదు నిమిషాల టెస్ట్ డ్రైవ్ కాదు, గంటసేపు కూర్చుని చూసి నడుముని అడగండి.

ఏది కొనాలి

మామూలు 118 బీహెచ్‌పీ కారే తీసుకోమని నా సలహా. 1999లో వచ్చిన 111ఎస్ అనే రకంలో వేరియబుల్ వాల్వ్ కంట్రోల్ ఇంజిన్, 143 బీహెచ్‌పీ, వెనక వెడల్పు టైర్లు ఉంటాయి. ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు ఉత్సాహం ఎక్కువ, ఆ వాల్వ్ యంత్రాంగం పాడైతే ఖర్చూ ఎక్కువే. ఎలీజ్ నుంచే పుట్టిన కార్లు, 340 మాత్రమే తయారైన 340ఆర్, రూఫ్ ఉన్న తొలి ఎక్సీజ్, ఇప్పుడు సేకరణకర్తల వస్తువులు, వాటి ధరకు నడిపే ఆనందంతో సంబంధం తెగిపోయింది.

క్లామ్ మీద సన్నటి సాలెగూటి పగుళ్లు రాయి తగిలినవి కావచ్చు, దెబ్బ తగిలి లోపల ఫైబర్ విరిగినవి కావచ్చు. చక్రం ఆర్చ్ లోపలి నుంచి చేయి పెట్టి తడిమితే తేడా తెలుస్తుంది. కొత్త క్లామ్, దానికి రంగు కలిపితే కారు ధరలో పెద్ద భాగమే పోతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. ముందు కూలెంట్ లెవెల్, ఆయిల్ మూతలో వెన్నలాంటి పదార్థం, అడుగున ఫ్లోర్, టో లింకులు, ఆ తర్వాతే తాళం తిప్పడం. వేడెక్కాక డాష్‌లో స్టాక్ అనే కంపెనీ చేసిన మీటర్ అంకెల్లో ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఆగి ఉన్న కారులో అది పైకి పాకి, ఫ్యాన్ తిరగ్గానే తగ్గాలి. తగ్గకపోతే బేరం అక్కడే ఆపండి. ఎల్‌సీడీ అంకెలు మాయమైన మీటరు బాగుచేయించడం సాధ్యమే, ధరలో తగ్గించి అడగండి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది అందుబాటులోని ముచ్చట. హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకుందామనుకునేవాళ్లు మాత్రం ఆగాలి. మూడేళ్లు దాటిన వాడిన కారును మామూలు పద్ధతిలో భారత్‌కు దిగుమతి చేసుకోనివ్వరు, కుడివైపు స్టీరింగ్ ఉన్నా సరే. పైగా నేలకు ఇంత దగ్గరగా కూర్చున్న ఫ్లోర్ మన స్పీడ్ బ్రేకర్ల మీద ఒక్కటి దాటినా పాత యజమానుల సొట్టల పక్కన కొత్తది చేరుతుంది.